మూడో రూలు ఏ బీరువాల పండుకున్నది?

కోదాడ బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో కూచుంటే టీవీలో మళ్ళీ అమెరికా కాల్పుల వార్త. ఏడాదికి ఎన్నోసారో లెక్కపెట్టుడు మనోళ్ళు మానేసిండ్రు. పక్క బల్ల మీది పెద్దాయన గ్లాసు కింద పెట్టి, "మా పెద్దోడు ఆడనే ఉంటడు సారూ, గా తుపాకులు బంద్ పెడితే వాళ్ళకేం పోతది?" అన్నడు.

ఆయన భయం ఉత్తది కాదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఓలేత్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ను చంపినోడు, మా దేశం నుంచి వెళ్ళిపొమ్మని అరిచి మరీ కాల్చిండు. 2023 మే 6న టెక్సాస్‌లోని అలెన్‌లో ఒక్కడు మాల్‌లో జొరబడి 8 మందిని చంపితే, ఆ ఎనిమిది మందిలో మన తెలుగు ఇంజనీరు అమ్మాయి కూడా ఉంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఇవాళ అమెరికా ఫోను రాని బజారు లేదు. కాబట్టి ఆ తుపాకి ముచ్చట మన ముచ్చట కూడా అయింది.

కాని ఆ పెద్దాయన మాట వినంగనే నా మనసు అమెరికా పోలేదు. మన దగ్గర లైసెన్సు తుపాకులు ఎవరి ఇండ్లల్ల ఉన్నయి, ఆ లైసెన్సుల మీద సంతకం ఎవరు పెట్టిండ్రు, మన వాడల ఎవరికన్న ఒక్కటి ఉన్నదా అని ఇక్కడనే తిరిగింది.

ముందు అమెరికా సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. 1791లో రాజ్యాంగానికి చేసిన రెండో సవరణను పట్టుకొని తుపాకి మా జన్మహక్కు అంటరు అక్కడ సగం మంది. జనం కన్నా తుపాకులే ఎక్కువ; 2017 నాటి అంచనా ప్రకారం 39 కోట్ల పైచిలుకు. 2021లో 48,830 మంది తుపాకికి బలైతే అందులో సగానికి పైన తమను తామే కాల్చుకున్నోళ్ళు. 2012లో శాండీ హుక్ బడిలో 20 మంది పిల్లలు, 2022లో యువాల్డీ బడిలో 19 మంది పిల్లలు పోయినా పెద్ద మార్పు రాలేదు. 2022 జూన్‌లో ఒక చిన్న చట్టం చేసుకున్నరు. అదే వారం వాళ్ళ సుప్రీంకోర్టు, బయట తుపాకి పెట్టుకొని తిరగడం కూడా హక్కేనని తీర్పు చెప్పింది.

మన పేపర్లు ఇక్కడిదాకే రాస్తయి. ఆ హక్కు నల్లోళ్ళకు ఎన్నడన్న దక్కిందా అన్నది రాయరు. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో ప్రధాన న్యాయమూర్తి టానీ, నల్లోళ్ళను పౌరులని ఒప్పుకుంటే వాళ్ళు ఎక్కడ పడితే అక్కడ ఆయుధాలు పట్టుకొని తిరుగుతరన్న భయాన్ని తీర్పులోనే రాసుకున్నడు. బానిసత్వం పోయిన 1865లోనే మిసిసిపీ రాష్ట్రం లైసెన్సు లేకుండ నల్లోడు తుపాకి పట్టొద్దని చట్టం చేసింది. లైసెన్సు ఇచ్చేది ఎవరు? తెల్లోడే. 1956లో మాంట్‌గోమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేస్తే ఆయన తుపాకి లైసెన్సుకు దరఖాస్తు పెట్టిండు. ఇవ్వలేదు. బాంబు పడ్డ ఇంటి మనిషికే ప్రమాదం లేదని తేల్చిన అధికారి ఎంత చదువుకున్నోడో! 1967 మే నెలలో బ్లాక్ పాంథర్లు చట్టం ఒప్పుకున్న తుపాకులనే పట్టుకొని కాలిఫోర్నియా శాసనసభకు పోయిండ్రు. మూడు నెలలు తిరగకముందే గవర్నర్ రీగన్, గుండ్లు నింపిన తుపాకి బజార్ల పట్టుకొని తిరగొద్దని చట్టం మీద సంతకం పెట్టిండు. తుపాకి హక్కు అని గొంతు చించుకునే ఎన్ఆర్ఏ దానికి అడ్డం పడలేదు, తలే ఊపింది. ఆ పాంథర్ల పేరే 1972లో బొంబాయిల మన పిల్లలు పెట్టుకున్నరు, దళిత్ పాంథర్స్ అని. ఇక 2016 జులైలో ఫిలాండో కాస్టిల్ అనే నల్ల యువకుణ్ణి పోలీసు కారు ఆపితే, నా దగ్గర లైసెన్సు తుపాకి ఉందని ఆయనే మర్యాదగా చెప్పిండు. చెప్పినందుకే కాల్చి చంపిండు. ఆ పోలీసు 2017లో నిర్దోషిగా బయటకొచ్చిండు.

ఇప్పుడు మన ఇంటికొద్దాం. 1878లో లిట్టన్ దొర ఆయుధాల చట్టం చేసిండు. తెల్లోళ్ళకు లైసెన్సు అక్కర లేదు, దేశపోళ్ళకు కావాలె. నిజాం ఇలాకాలో మాత్రం గడీలో ఉన్నదే చట్టం. 1946 జులై 4న కడవెండిలో, అప్పటి మన నల్లగొండ జిల్లాలోనే, విసునూరు దేశ్‌ముఖ్ గూండాలు ఊరేగింపు మీద కాల్చింది గడీ తుపాకులతోనే. దొడ్డి కొమరయ్య ఒరిగిపోయిండు. ఊరేగింపులో ఉన్నోళ్ళ చేతుల్ల ఏమున్నయి? కర్రలు, వడిసెలలు. సంఘం తుపాకి పట్టింది ఆ తర్వాతి మాట.

1959లో మనోళ్ళు మనకు చట్టం చేసుకున్నరు. లైసెన్సు ఇచ్చేది జిల్లాలో కలెక్టరు. ఈ చట్టం 14వ సెక్షన్‌లో మన వాడలల్ల ఎవరికీ తెలియని రెండు మాటలు ఉన్నయి. ఆస్తి చాలదన్న ఒక్క సాకుతో ఎవరికీ లైసెన్సు నిరాకరించరాదన్నది ఒకటి. నిరాకరిస్తే కారణం కాగితం మీద రాయాలె అన్నది రెండోది. కాయితంల ఇట్లుంటే ఊర్లల్ల ఎట్లున్నది? ఆత్మరక్షణకు, పంట రక్షణకు అని లైసెన్సు ఇస్తరు. పంట ఎవరిది? భూమి ఉన్నోడిది. ప్రాణభయం ఎవరికుందని పోలీసు రిపోర్టు వస్తది? స్టేషన్ల కుర్చీ వేయించుకొని కూచునేటోడికి. గుమ్మం దగ్గర నిలబడేటోడి ప్రాణభయం ఏ రిపోర్టులకు ఎక్కదు.

అసలు సంగతి ఇంకా ఉన్నది. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 1995 మార్చి 31న రూల్సు వచ్చినయి. అందులో మూడో రూలు తీసి చదువుకోండ్రి. అత్యాచారం జరిగేటట్టున్న ప్రాంతాన్ని ప్రభుత్వం ముందే గుర్తించాలె. అవసరమనుకుంటే అక్కడ ఎస్సీ ఎస్టీలు కానోళ్ళ తుపాకి లైసెన్సులు రద్దు చేసి, వాళ్ళ దగ్గరి చుట్టాలవి, నౌకర్లవి, స్నేహితులవి కూడా రద్దు చేసి, ఆ తుపాకులు సర్కారు ఆయుధాగారంల జమ చేయించాలె. దొంగ తుపాకులు పట్టుకోవాలె. అవసరమనుకుంటే ఎస్సీ ఎస్టీలకు లైసెన్సులు ఇయ్యాలె. ఇది ఏ నక్సలైటు కరపత్రంల రాసింది కాదు. భారత ప్రభుత్వ గెజిటుల అచ్చయింది.

మీ ఊరు గుర్తించిన ప్రాంతమా? మీ కాడ ఒక్క దొర తుపాకి అన్న ఈ రూలు కింద జమ అయిందా? నేను ఒక ఆఫీసుల ఈ మాట అడిగితే గుమస్తా నా మొఖం వింతగ చూసి "అట్ల ఉంటదా?" అన్నడు. రూలు పుస్తకం నేనే తీసి చూపించిన. చదివి, పెద్ద సారు లేడు రేపు రమ్మన్నడు.

"అవసరమనుకుంటే" అన్న ఒక్క మాట దగ్గరే రూలు ఊపిరి ఆగింది. అనుకునేది వాళ్ళు, అవసరం మనది. తుపాకులు జమ చేయించుడు పెద్ద పనా అంటే అదీ కాదు. ఎలక్షన్ నోటిఫికేషన్ రాంగనే, కమిటీ మినహాయించినోళ్ళు తప్ప, లైసెన్సుదారులంతా తుపాకులు స్టేషన్ల పెట్టి రసీదు తీసుకుంటరు. ఫలితాలొచ్చినంక మళ్ళ తెచ్చుకుంటరు. అంటే ఓట్ల పెట్టెకు తుపాకితో ప్రమాదమని సర్కారుకు ఎరుకే. వాడకు ప్రమాదమని ఎరుక లేదు.

2015 ఏప్రిల్ 1 రాత్రి సూర్యాపేట బస్టాండుల బస్సు తనిఖీ చేసే పోలీసుల మీద కాల్పులు జరిగి ఒక కానిస్టేబులు, ఒక హోంగార్డు చచ్చిపోయిండ్రు. హోంగార్డంటే రోజు లెక్కన డ్యూటీ చేసేటోడే. అప్పుడు పోలీసు చేతిల తుపాకి లేకపోతె ఎట్ల అని రాష్ట్రమంతా మాట్లాడింది. మంచిదే. వాడ గురించి ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

మిర్యాలగూడ మీటింగుల ఈ సంగతి చెప్తే ఒక తమ్ముడు లేచి, "మరి మనకు తుపాకులు ఇప్పించండన్నా, కారంచేడు, చుండూరు ఇంకోసారి కాకుండ చూస్తం" అన్నడు. చప్పట్లు కొట్టిండ్రు. నేను కొట్టలేదు.

తమ్మీ, ప్రణయ్‌ను నీ ఊర్లనే కదా చంపింది, 2018 సెప్టెంబరు 14న, దవాఖాన గేటు ముందు, కడుపుతో ఉన్న భార్య పక్కన ఉండంగ. కోటి రూపాయల బేరం అని పోలీసులే చెప్పిండ్రు. వెనక నుంచి కత్తితో వచ్చిండు. ప్రణయ్ జేబుల తుపాకి ఉంటే ఆగేదా? 1985ల కారంచేడులో గొడ్డళ్ళు, బరిసెలు. 1991 ఆగస్టు 6న చుండూరులో కత్తులు, బరిసెలు, 8 మంది. ఆ చుండూరులోనే మరుసటి నెల పోలీసు తుపాకి పేలింది. ఎవరికి తగిలింది? న్యాయమడిగిన మన కొమ్మెర్ల అనిల్ కుమార్‌కు. 1997 డిసెంబర్ 1న బీహారులోని లక్ష్మణ్‌పూర్ బాథేలో రణవీర్ సేన తుపాకులతో వచ్చి 58 మందిని చంపింది. 2013లో హైకోర్టు శిక్షపడ్డోళ్ళందరినీ వదిలేసింది. అటు తుపాకి ఉన్నా లేకున్నా మనమే చస్తున్నం. మన దగ్గర ఒక్క తుపాకి దొరికితే చాలు, అత్యాచారం కేసు పోయి ఆయుధాల కేసు ముందుకొస్తది. కాస్టిల్ లెక్కనే.

ఇంకోటి, ఇది ఎవరూ మాట్లాడరు. అమెరికా లెక్కల్ల సగానికి పైన ఆత్మహత్యలని చెప్పిన కదా. అప్పుల బాధ, తాగుడు, ఇంట్ల కొట్లాట ఉన్న ఇంట్ల తుపాకి పెడితే అది ముందు ఎవరి మీదికి తిరుగుతదో మన ఆడోళ్ళను అడగండ్రి, చెప్తరు.

అందుకని నా మాట ఇది, ఒప్పుకోనోళ్ళు రాయండ్రి, అచ్చేద్దాం. మూడో రూలు మొదటి సగం, అంటే వాళ్ళ తుపాకులు జమ చేయించుడు, దీని మీద పట్టు విడవొద్దు. రెండో సగం కింద దరఖాస్తులు పెడదాం. లైసెన్సు వస్తే సంతోషమేం లేదు, తుపాకి కొనే పైసలూ లేవు. కాని దరఖాస్తు పెడితే కలెక్టరు రెంట్ల ఒకటి రాయాలె. నీకు ప్రాణభయం ఉన్నదని రాస్తే, మరి ఇన్నాళ్ళు కాపలా ఎందుకు పెట్టలేదని అడగొచ్చు. లేదని రాస్తే, కారణం రాయాలె. రేపు వాడ మీద దాడి అయితే ఆ కాయితం కోర్టుల పనికొస్తది. మన భయం ఇన్నేండ్ల సంది నోటి మాటగనే ఉంది. ఒకసారి ఫైలు నెంబరు పడనీ.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు చోట్లా ఆర్డీవో అధ్యక్షతన నడవాల్సిన నిఘా కమిటీలు ఉన్నయి. మా డివిజన్ల గుర్తించిన ఊర్లు ఏవి, మూడో రూలు కింద ఎన్ని లైసెన్సులు రద్దయినయి అని మూడు చోట్లా ఒకే రోజు కాయితం ఇయ్యాలని అనుకున్నం.

దరఖాస్తు నమూనా నింపుతుంటె కోదాడ పెద్దాయన కూడా పక్కన కూచున్నడు. కళ్ళజోడు సవరించుకొని ఒక్కో గడీ చదివిచ్చుకున్నడు. పంట రక్షణ కింద భూమి ఎక్కడ, ఎంత సాగు, నష్టం చేసే అడవి జంతువులు ఏవి అని అడిగే గడీ కాడ ఆగిండు. "ఈడ ఏం రాయాలె తమ్మీ?" అన్నడు. మనది పంట కోసం పెడుతున్నది కాదు పెద్దయ్యా, ఆ గడీ ఖాళీగ ఇడిసిపెట్టు అన్నం.