గీతలు కనిపిస్తాయి... కానీ ఉండవు!

అయస్కాంతాన్ని ఇసుకలో దొర్లించి, దానికి అంటుకున్న నల్లటి పొడిని పోగుచేయడం... చిన్నప్పుడు చాలామంది ఆడిన ఆటే. ఆ పొడిని కాగితం మీద చల్లి, కింద దండాయస్కాంతం పెట్టి, వేలితో మెల్లగా తట్టండి. ఒక కొన నుంచి మరో కొనకు వంపు తిరిగిన గీతలు వచ్చేస్తాయి. అచ్చం పాఠంలో బొమ్మలాగే! తిరకాసు అక్కడే ఉంది.

గీతకూ గీతకూ మధ్య ఖాళీ ఉంది కదా, అక్కడ అయస్కాంత బలం లేనట్టేనా? పిల్లలు అడగాల్సిన ప్రశ్న ఇది. పరీక్షలో 'బలరేఖల ధర్మాలు రాయుము' అనే వస్తుంది కాబట్టి ఎవరూ దీని జోలికి పోరు. ఆ ఖాళీలో చిన్న దిక్సూచి పెట్టి చూడండి, ముల్లు ఠక్కున తిరుగుతుంది. బలం అక్కడా ఉంది! మరి గీతలెలా వచ్చాయంటే... అయస్కాంతం దగ్గర ప్రతి రేణువూ తానే ఓ బుల్లి అయస్కాంతమైపోతుంది. ఒకదాని తల ఇంకోదాని తోకను పట్టుకుంటుంది, పిల్లల రైలాటలాగా. పక్క వరసను మాత్రం దూరంగా నెడుతుంది. కాగితం దులిపి మళ్లీ చల్లితే గీతలు ఇంకోచోట పడతాయి. మొత్తం ఆకారం మాత్రం అదే.

పటంలో అక్షాంశాలు గీశామని సముద్రం మీద చారలుండవు కదా, ఇవీ అంతే. గీతలు దగ్గరగా ఉంటే బలం ఎక్కువ, ఎడంగా ఉంటే తక్కువ. అవి ఒకదాన్నొకటి ఎందుకు ఖండించుకోవు? ఖండించుకుంటే అక్కడ పెట్టిన ముల్లు ఒకేసారి రెండువైపులు చూపించాలి. కుదిరే పనేనా!

ఈ రేఖలతో ఆలోచించడం నేర్పింది మైకేల్ ఫారడే. కమ్మరి కొడుకు, బైండింగు షాపులో పని నేర్చుకున్నవాడు, లెక్కలు పెద్దగా రావు. అందుకే బొమ్మల్ని నమ్ముకున్నాడేమో. అవి నిజంగానే ఉన్నాయనే వైపే ఆయన మొగ్గు. 1850ల్లో ఆ బొమ్మల్ని గణితంలోకి మార్చడం మొదలుపెట్టింది మాక్స్‌వెల్.

మరి సూర్యుడి మీద బలరేఖలు తెగి మళ్లీ అతుక్కున్నాయని వార్తల్లో చదువుతుంటామే, లేని గీత ఎలా తెగుతుంది? క్షేత్రం అమరిక మారిందని చెప్పే సులువైన మాట అది. అప్పుడు వెలువడే శక్తి మాత్రం ఊహ కాదు. 2024 మేలో సౌర తుపాను ధాటికి లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1లోనూ ఓ అయస్కాంత మాపకం ఉంది. అది గీతల్ని లెక్కపెట్టదు, క్షేత్రం ఎటువైపు ఎంత ఉందో కొలుస్తుందంతే.