రివాల్వర్ లైసెన్సు ఉంది సరే, తూటాల లెక్క తెలుసా?

లైసెన్సు చేతికొచ్చాక చాలామంది ఏ రివాల్వర్ కొనాలా అని నెలల తరబడి ఆలోచిస్తారు. తూటాల సంగతి మాత్రం దుకాణదారుకే వదిలేస్తారు. ఆరు తూటాలు సిలిండర్‌లో నింపి, మిగతావి బీరువాలో పెట్టి, ఏళ్లపాటు ముట్టరు. ఆత్మరక్షణ కోసం కొన్న ఆయుధం అవసరమైన రోజున పేలుతుందో లేదో వాళ్లకే తెలియదు.

ముందు మీ లైసెన్సు తీసి చూడండి. అందులో తూటాలకు రెండు అంకెలు ఉంటాయి. ఒకేసారి మీ దగ్గర ఎన్ని ఉండొచ్చన్నది ఒకటి, ఏడాదిలో ఎన్ని కొనొచ్చన్నది రెండోది. క్రీడాకారులైన షూటర్లకు నిబంధనలు వేరు. మామూలు లైసెన్సుదారుకు మాత్రం సాధన చేసినా, వెంట పెట్టుకున్నా అంతా ఒకే ఖాతా. ఉదాహరణకు ఒకేసారి 50, ఏడాదికి 100 అని ఉందనుకుందాం. సిలిండర్‌లో 6, అదనంగా మరో 6 పక్కన పెడితే సాధనకు చేతిలో మిగిలేవి 38. అవి కాల్చాకే మళ్లీ కొనగలరు, అదీ 100 దాటకుండా.

కాన్పూర్‌లో తయారయ్యే ‘నిర్భీక్’ సహా మన దగ్గర లైసెన్సుదారుల రివాల్వర్లలో పాయింట్ 32 బోరు ఎక్కువ. అయితే దుకాణంలో ‘పాయింట్ 32 ఇవ్వండి’ అంటే సరిపోదు. రివాల్వర్‌కు కావాల్సింది ‘స్మిత్ అండ్ వెసన్ లాంగ్’. అదే అంకెతో పిస్టల్‌కు వాడే ‘ఏసీపీ’ తూటా వేరే ఉంది. కొన్ని రివాల్వర్లలో అదీ దూరుతుంది, కానీ దాని పీడనం ఎక్కువ. దూరింది కదా అని కాల్చడం ప్రమాదం. పెట్టె మీది పేరును ఆయుధం మీద చెక్కిన పేరుతో పోల్చి చూశాకే డబ్బు ఇవ్వండి.

సాధనకు చౌకరకం, వెంట ఉంచుకోవడానికి ఖరీదైన రకం అన్న సలహా విదేశీ వీడియోల్లో తరచూ వినిపిస్తుంది. రకరకాల తూటాలు దొరికే చోట అది నడుస్తుంది. ఇంత చిన్న కోటాలో రెండూ ఒకే రకం కావడమే మేలని మా అభిప్రాయం. తూటా బరువు, వేగం మారితే గురి మారుతుంది, చేతికి తగిలే కుదుపూ మారుతుంది. సులువైన పద్ధతి ఒకటుంది. కొత్త పెట్టె కొన్నాక సిలిండర్‌లోని పాత ఆరింటినీ రేంజ్‌లో కాల్చేసి, వాటి స్థానంలో కొత్తవి నింపండి. చెమటకు, నూనెకు పాడైన తూటాలు ఉంటే అక్కడే బయటపడతాయి.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. శబ్దం బలహీనంగా వస్తే బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు. అది చూసుకోకుండా రెండోది కాల్చొద్దు.

సాధన అనుమతి ఉన్న రేంజ్‌లోనే. పొలం గట్టు మీద, పెళ్లి ఊరేగింపులో కాదు. ప్రాణాలకు ముప్పు కలిగేలా నిర్లక్ష్యంగా గానీ, సంబరాల్లో గానీ కాలిస్తే 2019 సవరణ ప్రకారం 2 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

కోటా చాలకపోతే లైసెన్సు ఇచ్చిన అధికారికే దరఖాస్తు పెట్టుకోవాలి. కమిషనరేట్ పరిధిలో అయితే పోలీస్ కమిషనర్, మిగతా చోట్ల కలెక్టర్. రేంజ్ రసీదులు దాచుకుని జత చేయండి. ఎందుకు ఎక్కువ కావాలన్న ప్రశ్నకు అవే మీ జవాబు.