ఫోన్ స్పెక్స్ సరే, మిల్లు మోటార్ స్పెక్స్ ఎవరు చూస్తారు?

ఈసారి ఫోన్ రివ్యూ కాదు. నేను రివ్యూ చేయబోయేది వర్నిలోని ఒక రైస్ మిల్లులో పన్నెండేళ్లుగా తిరుగుతున్న 20 హెచ్‌పీ మోటార్.

పండక్కి మామ వాళ్లింటికి వెళ్లినప్పుడు చూశాను. ఆయన ఆ మిల్లులోనే పనిచేస్తాడు. నేమ్‌ప్లేట్ మీద పేరుకున్న దుమ్ము తుడిస్తే 'ఐఈ1' అని కనిపించింది. ఇప్పటికి రెండుసార్లు కాలిపోయిందట, రెండుసార్లూ వైండింగ్ చేయించి మళ్లీ బిగించారట. "మంచిగనే నడుస్తుంది కదరా, ఎందుకు మార్చాలె?" అన్నాడు మామ.

అడగాల్సిన ప్రశ్నే. అందుకే లెక్క వేశాను.

20 హెచ్‌పీ అంటే 15 కిలోవాట్లు. ఈ సైజు మామూలు 4 పోల్ మోటార్‌కి ఐఈ1 క్లాస్‌లో ఎఫిషియెన్సీ 88.7 శాతం, ఐఈ3లో 92.1 శాతం. తేడా మూడున్నర శాతం కూడా లేదు. ఫోన్ బెంచ్‌మార్క్‌లో ఇంత తేడా వస్తే మనం పట్టించుకోం. కానీ ఏడాదికి 4,000 గంటలు ఫుల్ లోడ్‌లో తిరిగే మోటార్‌కి ఇది దాదాపు 2,500 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు అనుకుంటే ఏటా 17 వేలకు పైనే. గ్రిడ్ కరెంటు యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వేసుకుంటే టన్నున్నర దాటుతుంది.

ఇప్పుడు మన ఫోన్ సంగతి చూద్దాం. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీని రోజూ సున్నా నుంచి నూరు దాకా చార్జ్ చేసినా, చార్జర్ నష్టాలతో కలిపి ఏడాదికి 9 యూనిట్ల లోపే. అంటే ఆ ఒక్క పాత మోటార్ వృథా చేసే కరెంటుతో 270కి పైగా ఫోన్లు ఏడాదంతా నడుస్తాయి. బాక్స్‌లో చార్జర్ ఇవ్వకపోతే పర్యావరణానికి ఎంత మేలు అని మనం కామెంట్లలో కొట్టుకుంటున్నాం! ఫోన్ కార్బన్ లెక్కలో కూడా పెద్ద వాటా దాన్ని తయారుచేసే దగ్గరే అని ఆపిల్ రిపోర్టులే చెబుతాయి. అసలు ఆట ఫ్యాక్టరీలో ఉంది.

ఇంకో విషయం. ఫోన్‌లో పని లేనప్పుడు ప్రాసెసర్ క్లాక్ స్పీడ్ తగ్గించుకుంటుంది కదా? చాలా మిల్లుల్లో బ్లోయర్‌కి ఆ తెలివి లేదు. మోటార్ ఫుల్ స్పీడ్‌లో తిరుగుతుంటే, గాలి ఎక్కువైందని డ్యాంపర్ మూస్తారు. యాక్సిలరేటర్ తొక్కిపట్టి బ్రేక్ వేయడం లాంటిదే. దీనికి మందు వీఎఫ్‌డీ అనే డ్రైవ్. ఫ్యాన్ స్పీడ్‌ని 80 శాతానికి తగ్గిస్తే పవర్ దాదాపు సగానికి పడిపోతుంది.

ఇక బోధన్ సంగతి. 1937లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకున్న నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ శక్కర్‌నగర్‌లో 2015 డిసెంబర్ నుంచి మూతపడి ఉంది. తిరిగి తెరిపించడం కోసం రాష్ట్ర ప్రభుత్వం 2024లో కమిటీ వేసింది. తెరవాలనే నా కోరిక కూడా. కానీ పాత మెషీన్లకు గ్రీజు పూసి, రంగులు వేసి మాత్రం వద్దు.

ఎందుకంటే చక్కెర ఫ్యాక్టరీ తన ఇంధనాన్ని తనే తయారుచేసుకుంటుంది. టన్ను చెరకు ఆడితే సుమారు 300 కిలోల పిప్పి వస్తుంది. పాత తరం తక్కువ ప్రెషర్ బాయిలర్లలో అది ఫ్యాక్టరీ అవసరాలకే సరిపోయేది. 87 బార్, 110 బార్ లాంటి హై ప్రెషర్ బాయిలర్, మంచి టర్బైన్, మిల్లులకు ఎలక్ట్రిక్ డ్రైవ్‌లు పెడితే అదే పిప్పితో ఫ్యాక్టరీ నడవగా టన్ను చెరకుకు సుమారు 100 యూనిట్లు గ్రిడ్‌కి అమ్ముకోవచ్చు. చెరకు రేటు పడిపోయిన ఏడాది కూడా రైతుకి బిల్లు కట్టాలంటే ఫ్యాక్టరీకి ఈ రెండో ఆదాయం ఉండాలి.

డబ్బులెక్కడివి అంటారా? న్యాయమైన మాటే. పెద్ద పరిశ్రమలకు 2012 నుంచి పాట్ స్కీమ్ కింద ఎనర్జీ టార్గెట్లు ఉన్నాయి. మామ వాళ్ల మిల్లు లాంటివి ఆ లెక్కలోకి రావు. కాబట్టి బాగున్న మోటార్‌ని రేపే పీకేయమని నేను అనను. ఈసారి కాలిపోయినప్పుడు మాత్రం వైండింగ్ షాపుకి కాకుండా ఐఈ3 కొనడానికి వెళ్లాలి. వైండింగ్ సరిగ్గా కుదరకపోతే ఉన్న ఎఫిషియెన్సీ కూడా పోతుంది.

మామకి ఫోన్ కాలిక్యులేటర్‌లోనే పదిహేనేళ్ల లెక్క చూపించాను. రెండున్నర లక్షలు దాటింది. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మా సేటుకు వాట్సాప్ చెయ్" అన్నాడు.

మీ ఊళ్లో కూడా ఏదో ఒక మిల్లు ఉంటుంది. ఈసారి వెళ్లినప్పుడు నేమ్‌ప్లేట్ తుడిచి చూడండి. ఏ క్లాస్ ఉందో కామెంట్‌లో చెప్పండి, లెక్క కలిసి వేద్దాం.