ఆరిపోయే దీపం ఏం చెబుతోంది?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో డెట్రాయిట్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. మరో ఇద్దరు స్నేహితులతో కలిసి పాత ఇల్లొకటి అద్దెకు తీసుకున్నాడు. ఇల్లంతా వెచ్చబరిచే గ్యాసు పొయ్యి ఒకటి కింది గదిలో ఉంటుందట. అందులో ఎప్పుడూ వెలుగుతూ ఉండవలసిన చిన్న దీపం మాటిమాటికీ ఆరిపోతోందట. వీళ్లు మళ్లీ వెలిగించుకుంటున్నారు. నెల రోజులుగా పొద్దున లేవగానే నెత్తి నొస్తోందని, వాంతి వచ్చినట్లుంటోందని అంటున్నాడు. చలి పడక అనుకుంటున్నాం. మా ఊరి నుంచి వెళ్లేవాళ్లున్నారు. వాళ్లతో ఏ మాత్రలు పంపమంటారు?
– పేరు వేయవద్దన్న సోదరి, కురవి

జవాబు: అమ్మా, మాత్రలేవీ పంపకండి. మీ ఉత్తరం అందిన రోజే అందులో ఉన్న నంబరుకు ఫోను చేసి మాట్లాడాను. పత్రిక అచ్చయి వచ్చేదాకా ఆగదగిన సంగతి కాదది. అయినా ఇక్కడ మళ్లీ రాస్తున్నానంటే, చలిదేశాల్లో పిల్లలు లేని ఊరు ఇప్పుడు మనకు తక్కువ కనుక.

ఆ రోజు మీ చేత మీ అబ్బాయిని మూడు ప్రశ్నలు అడిగించాను. మిగతా ఇద్దరికీ తలనొప్పి ఉందా? ఆఫీసుకు వెళ్లిన తరువాత తగ్గుతుందా? సెలవునాడు ఇంట్లోనే ఉంటే రోజంతా ఉంటుందా? మూడింటికీ అవుననే జవాబు వచ్చింది. ఒకే ఇంట్లో ముగ్గురికి ఒకేసారి పట్టుకుని, గడప దాటితే వదిలే తలనొప్పి చలి వల్ల వచ్చింది కాదు, పైత్యమూ కాదు. వాళ్లు పీల్చే గాలినే అనుమానించాలి.

ఆ దీపం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చలిదేశాల ఇళ్లలో ఉండే ఆ పెద్ద పొయ్యిని ఫర్నేస్ అంటారు. పాతవాటిలో అసలు మంటను అంటించడానికి చిటికెన వేలంత నీలిమంట ఒకటి రాత్రింబవళ్లు వెలుగుతూ ఉంటుంది. అదే పైలట్ లైట్. దాని సెగ తగిలేటట్లు థర్మోకపుల్ అనే సన్నని కడ్డీ అమర్చి ఉంటుంది. ఆ వేడికి కడ్డీలో రవ్వంత విద్యుత్తు పుడుతుంది. వోల్టును వెయ్యి భాగాలు చేస్తే అందులో పాతికో ముప్ఫయ్యో, అంతే. ఆ కాస్త కరెంటే గ్యాసు దారిని తెరిచి పట్టుకుంటుంది. మంట ఆరితే కడ్డీ చల్లబడి గ్యాసు దానంతటదే కట్టయిపోతుంది. కాపలావాడన్నమాట! కొత్త ఫర్నేసుల్లో ఇలా నిత్యం వెలిగే దీపం ఉండదు, అవసరమైనప్పుడే విద్యుత్తుతో అంటుకుంటాయి.

దీపం ఆరడానికి కారణాలు అనేకం. కడ్డీ పాతబడిపోవచ్చు. మంట వచ్చే సన్నని రంధ్రంలో మురికి చేరవచ్చు. అప్పుడు నీలంగా, నిటారుగా ఉండవలసిన మంట పసుపుపచ్చగా, వణుకుతూ ఉంటుంది. గాలి విసురుకూ ఆరవచ్చు. ఇవన్నీ మెకానిక్ చూసుకునేవి. డాక్టరుగా నాకు భయమల్లా పొగగొట్టం పూడిపోవడం గురించే. పైకి పోవలసిన పొగ వెనక్కి తిరిగి దీపానికే ఊపిరాడకుండా చేస్తుంది. దీపానికి ఊపిరాడని ఇంట్లో ముగ్గురు కుర్రాళ్లు తలుపులు బిగించుకుని పడుకుంటున్నారు!

మీకు ఇల్లెందు దూరం కాదు. అక్కడ 1889లో బొగ్గు తీయడం మొదలయింది. పాత గని కార్మికులను అడిగితే సేఫ్టీ లాంపు కథ చెబుతారు. మామూలు గాలిలో నూటికి 21 పాళ్లు ప్రాణవాయువు ఉంటుంది. అది 16, 17 పాళ్లకు దిగితే ఆ లాంపు ఆరిపోతుంది. ఆరితే మనిషి బయటికి రావాలిగాని, అక్కడే నిలబడి మళ్లీ వెలిగించుకోకూడదు.

అలాగని దీపం వెలుగుతోంది కదా అని ధీమాగా ఉండటానికీ లేదు. గాలి చాలక గ్యాసు సరిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దీపం ఆరకుండానే అది మనిషిని చంపగలదు. అందుకే బ్రిటన్ గనుల్లో పంజరంలో కెనరీ పిట్టను వెంట తీసుకువెళ్లేవారు. 1986లో ఆ పిట్టలకు సెలవిచ్చి యంత్రాలు తెచ్చారు. ఆ యంత్రం ఇప్పుడు అరచేతిలో పట్టే అలారంగా అమెరికాలో మామూలు దుకాణాల్లోనే దొరుకుతుంది. మీ అబ్బాయిని ఒకటి కొని పడకగది దగ్గర పెట్టుకోమనండి. ఊరివాళ్లతో మీరు సకినాలు పంపండి, చాలు.

ఈ విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. గ్యాసుకు వాసన ఉంటుందిగా అనకండి. అది లీకు తెలియడానికి కంపెనీలు కలిపే వాసన. గ్యాసు కాలితే అదీ కాలిపోతుంది. నెత్తురులోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువు కంటే ఈ వాయువును రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. జాతర బస్సులో ఎవరో ముందే తువ్వాళ్లు వేసి సీట్లన్నీ ఆపుకున్నట్లు! ప్రాణవాయువుకు చోటుండదు. మొదట తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం. తరువాత మత్తు, కాళ్లలో సత్తువ లేకపోవడం. తలుపు తీయాలని తెలిసినా లేవలేరు. నిద్రలో పట్టుకుంటే తెలియకుండానే ప్రాణం పోతుంది. గర్భిణులకు, కడుపులో బిడ్డకు మరీ ప్రమాదం.

2020లో కరోనా వచ్చిన తరువాత చాలా ఇళ్లలో వేలికి తగిలించే ఆక్సీమీటరు చేరింది. మీ అబ్బాయి దానిలో 98 చూసి ధైర్యం చెప్పాడన్నారు. అది సీటు నిండిందని చెబుతుందే గాని, కూర్చున్నదెవరో చెప్పలేదు. నిజం తేలాలంటే ఆస్పత్రిలో వేరే రక్తపరీక్ష చేయాలి. వైద్యం మాత్రం సులువైనదే, మాస్కు గట్టిగా బిగించి ప్రాణవాయువు పట్టడం. మామూలు గాలిలో నెత్తురులోని విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడితే, దీనితో గంట, గంటన్నరలో తగ్గుతుంది. కొందరికి కొన్ని వారాల తరువాత మతిమరుపు, నడకలో తేడా కనిపించవచ్చు కనుక బాగుందని మళ్లీ చూపించుకోవడం మానకూడదు.

కనుక మీ అబ్బాయికి చెప్పింది ఇది: ముగ్గురూ వెంటనే బయటికి రండి, బయట నుంచే 911కు ఫోను చేయండి. తనిఖీ అయ్యేదాకా ఆ దీపాన్ని ముట్టుకోకండి. ఎప్పుడైనా గ్యాసు వాసన వస్తే స్విచ్చి వేయవద్దు, తీయవద్దు. కడ్డీకి ఏదో కట్టి గ్యాసు ఆగకుండా చేసే తెలివితేటలు అసలే వద్దు. పిల్లలు మాట విన్నారు. వచ్చి చూసినవారు పొగగొట్టంలోంచి పాత పక్షిగూడు లాగారని మీరు ఫోనులో చెప్పాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టింది.

ఇక మన సంగతి. కురవిలో ఫర్నేసు ఎందుకుంటుంది అంటారేమో, స్నానాల గదిలో గ్యాసు గీజరు ఉంటే ప్రమాదం అదే. నాలుగడుగుల గది, చలికాలమని కిటికీకి అట్టముక్క, లోపల మంట. మాటిమాటికీ ఆరిపోతోందంటే బ్యాటరీ అయిపోయిందని ఊరుకోవద్దు, గాలి చాలడం లేదేమో చూడండి. దాన్ని గది బయట, ఆరుబయలు గాలి తగిలే చోట బిగించి, గొట్టం మాత్రమే లోపలికి తేవాలి. అంతవరకు తలుపు తెరిచి బకెట్లు నింపుకుని, గీజరు ఆర్పి, గాలి ఆడనిచ్చి, అప్పుడు స్నానం చేయండి. బాలింత గదిలో తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టే అలవాటూ మానాలి.

స్నానాల గదిలో పడిపోయి, కాళ్లూ చేతులూ కొట్టుకుంటే మూర్ఛ రోగమని తేల్చి, ఏళ్ల తరబడి మందులు మింగించిన ఇళ్లున్నాయి. అలా ఎవరైనా పడితే ముందు గాలిలోకి లాగి 108కి ఫోను చేయండి. గీజరు వెలుగుతోందని, తలుపు మూసి ఉందని ఆస్పత్రిలో తప్పకుండా చెప్పండి. డాక్టరు అడగకపోయినా సరే, మీరే చెప్పండి.