వైన్ ద్రాక్ష నాటే ముందు కొనేవాడిని చూసుకోండి

షిర్డీకో, త్రయంబకేశ్వరానికో వెళ్ళొచ్చిన రైతులు నాసిక్ ద్రాక్ష తోటలు చూసి అడిగే ప్రశ్న ఒకటుంది. "మనం కూడా వైన్ ద్రాక్ష వేస్తే ఎలా ఉంటుంది?" అని. చూసి ముచ్చటపడటంలో తప్పు లేదు. అప్పు చేసి పందిరి వేసే ముందు మాత్రం కాస్త ఆగండి.

నాసిక్ దగ్గర గోదావరి మీద గంగాపూర్ డ్యామ్ ఉంది. మన భద్రాచలం, రాజమండ్రి మీదుగా పారే గోదావరే అది. ఆ జలాశయం ఒడ్డున యార్క్ వైనరీని ఒక కుటుంబం నడుపుతున్న రోజుల్లో వెళ్ళి చూశాను. అటువైపు వెళితే మీరు ముందు తోటలోకి నడవండి. వైన్ రకాల పండు చిన్నది, తోలు మందం, లోపల గింజలుంటాయి. థాంప్సన్ సీడ్‌లెస్ గుత్తిలా కంటికి ఇంపుగా కనిపించదు. బజారులో బండి మీద పెడితే కొనేవారుండరు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

ఎర్ర వైన్‌కు రంగు తోలులోంచి వస్తుంది. అందుకని నలిపిన పండును తోలు, గింజలతో సహా ట్యాంకుల్లో పులియబెడతారు. ఈస్టు పండులోని చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంది. తర్వాత పిప్పి పిండేసి, కొంత సరుకును ఓక్ చెక్క పీపాల్లో నెలల తరబడి ఉంచుతారు. 750 మిల్లీలీటర్ల సీసాకు కిలో పైచిలుకు ద్రాక్ష పడుతుంది.

రుచి చూడమని షిరాజ్ వైన్ రెండు గుక్కలు పోసిచ్చారు. ద్రాక్షరసంలా తియ్యగా ఉంటుందనుకుంటే పొరపాటే. ముందు పులుపు, ఆ వెనుక నేరేడు పండు తిన్నట్టు నాలుక పట్టేసే వగరు, చివర్లో మిరియం ఘాటు. బాగానే ఉంది. అయినా వైన్ కూడా మద్యమే. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద ఎందుకు తిరగబడ్డారో మనకు తెలుసు. తాగమని నేను చెప్పను. పంట లెక్క మాత్రమే చెబుతాను.

మహారాష్ట్ర ప్రభుత్వం 2001లో వైన్ పరిశ్రమకు రాయితీలిచ్చింది. వైనరీలు పెరిగాయి, రైతులు ఎగబడి వైన్ రకాలు నాటారు. 2008-09లో గిరాకీ పడిపోయింది. సరుకు పేరుకుపోయి చాలా వైనరీలు కొనుగోళ్ళు తగ్గించాయి. ఎందరో రైతులు పెంచిన తోటను చేతులారా పీకేసి, మళ్ళీ తినే రకాలకు మళ్ళారు. తినే ద్రాక్షను ఒకడు కాదంటే ఇంకొకడు కొంటాడు, ఎవరూ కొనకపోతే ఎండబెట్టి కిస్‌మిస్ చేసుకోవచ్చు. వైన్ ద్రాక్షకు వైనరీ గేటు ఒక్కటే దారి.

"మేమే వైనరీ పెట్టుకుంటాం" అంటారా? లైసెన్సు, స్టీలు ట్యాంకులు, చల్లబరిచే యంత్రాలు కావాలి. సీసా అమ్ముడయ్యేదాకా నెలల తరబడి పెట్టుబడి ఇరుక్కుపోతుంది. ఆ యార్క్ వైనరీని కూడా 2021లో పెద్ద కంపెనీ అయిన సులా కొనేసింది.

అందుకని నా మాట ఇది. రెండెకరాల రైతు ఒంటరిగా వైన్ ద్రాక్ష జోలికి పోకూడదు. వేయాలనుకుంటే పదిమంది కలిసి, మొక్క నాటక ముందే కంపెనీతో కాగితం రాయించుకోండి. ఎన్నేళ్ళు కొంటారు, ఎంత చక్కెర శాతానికి ఎంత ధర, దాన్ని కొలిచేది ఎవరు, డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు, వానకు పండు దెబ్బతింటే ఏం చేస్తారు? ఈ ఐదింటికీ అందులో జవాబుండాలి. నోటిమాట చెప్పి మొక్కలు అంటగట్టేవాడు ఎవరైనా సరే, దణ్ణం పెట్టి పంపేయండి.