వ్యయమా, విద్యయా?

ప్రాథమికవిద్యకై యింత వ్యయము చేసితిమని పురపాలక సంఘములు లెక్క చూపినంతమాత్రమున ప్రజలు తృప్తినొందవలెనా? చల్లిన విత్తనములను లెక్కించి పంట పండినదనువాడు కర్షకుడు కాడు.

బ్రెజిలు దేశమున 1988 నాటి రాజ్యాంగము, పురపాలక సంఘములు తమ పన్నుల రాబడిలో 25 శాతమునకు తక్కువగాక విద్యకు వెచ్చింపవలెనని శాసించినది. బాలుడు చదువ నేర్చెనా యను ప్రశ్నకు మాత్ర మా నిబంధనలో తావులేదు. ఆ ప్రశ్న నడిగినది సెయారా రాష్ట్రము. పురపాలక సంఘములకు పంచవలసిన వాణిజ్యపు పన్నులో 18 శాతమును విద్యాఫలితములను బట్టి యొసగునట్లు 2007లో నచట శాసనము చేసిరి. పరీక్షాఫలితములే గాక, వెనుకటికంటె సాధించిన యభివృద్ధియు నందు గణనకు వచ్చును. ఇదియే న్యాయము, లేనిచో పేదయూరు ధనికనగరముతో నెన్నడును తూగజాలదు. అనావృష్టిపీడితమైన యా రాష్ట్రమందలి సోబ్రాల్ పట్టణము 2017 జాతీయ విద్యాసూచికలో, ప్రాథమిక తరగతుల విషయమున, ప్రథమస్థాన మందినది.

అయితే మందబుద్ధులని కొందరు బాలురను పరీక్షకు దూరముచేసి సగటు పెంచుట సామర్థ్యము గాదు, ద్రోహము. బడికి రాని బిడ్డయు లెక్కలోనికి రావలెను. మన పురపాలక సంఘములును ఆదాయవ్యయ పట్టికయందు రూపాయల ప్రక్కనే, చదువ నేర్చిన బిడ్డల సంఖ్యను, నేర్వని వారి సంఖ్యనుగూడ ఏటేట ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము. పన్ను చెల్లించు పౌరులు అడుగవలసిన లెక్క యిదియే.