ఇంట్లో కనిపించే కెమెరా ఊరు దాటితే కనిపించదేం?

కిందటి వారం ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్ళు పోయడం గురించి చెప్పుకున్నాం. ఈ వారం ఉత్తరం శిరివెళ్ల నుంచి.

ఆ సోదరి ఇంట్లో నాలుగు సీసీ కెమెరాలు పెట్టించారు. ఆవిడా, భర్తా పొద్దున్నే చేనికి పోతే ఇంట్లో అత్తమ్మ ఒక్కరే. కిందటేడు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన మనిషి, చేతికర్ర లేనిదే నడవలేరు. "మా పిల్లోడు హైదరాబాదులో ఉన్నాడు. వాడు మధ్యమధ్య వాళ్ళ అవ్వను చూసుకుంటాడని పెట్టించినాము. ఇంట్లో ఉంటే నా ఫోన్లో బొమ్మ బాగా వస్తుంది. వాడికి రాదు, నంద్యాలకు పోతే నాకూ రాదు. పెట్టిన అబ్బాయి మూడుసార్లు వచ్చి, పోర్ట్ ఫార్వర్డింగ్ చేసినానక్కా అని ప్రతిసారీ డబ్బు తీసుకున్నాడు. ఇప్పుడు రౌటరు మార్చమంటున్నాడు. మార్చమంటారా?" అని అడిగారు.

అప్పుడే మార్చకండమ్మా. ముందు ఈ పోర్ట్ ఫార్వర్డింగ్ ఏమిటో చూద్దాం.

మీ ఇల్లు పెద్ద ఉమ్మడి ఇల్లు అనుకోండి. వీధిలోకి ఒకటే తలుపు, దానికి ఒకటే నంబరు. లోపల గదులు చాలా: మీ ఫోను, టీవీ, కంప్యూటరు, కెమెరాల రికార్డింగు పెట్టె (దాన్నే డి.వి.ఆర్. అంటారు). లోపలివాళ్ళు బయటికి పోయి రావడానికి అడ్డు లేదు. బయటివాడు వచ్చి తలుపు తడితే మాత్రం ఏ గదికి పంపాలో రౌటరుకు తెలియదు, వెనక్కి పంపేస్తుంది. "8000 అనే అంకె చెప్పుకుని వచ్చినవాణ్ణి కెమెరాల గదికి పంపు" అని తలుపు దగ్గర చీటీ కట్టడమే పోర్ట్ ఫార్వర్డింగ్. అంకె పెట్టెను బట్టి మారుతుంది.

చీటీ సరిగానే ఉన్నా బొమ్మ రాకపోవడానికి కారణాలు ఉన్నాయి. ఇంట్లో కూర్చుని వైఫై మీదే పరీక్షించి, రాలేదనో వచ్చిందనో అనుకోవడం ఒకటి. చాలా రౌటర్లు లోపలివాళ్ళను బయటి నంబరు మీదుగా తిరిగి లోపలికి రానివ్వవు. ఫోన్లో వైఫై ఆపి, సిమ్ డేటా మీద చూడాలి. రెండోది మన కరెంటు మహిమ. కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటరు గదుల నంబర్లు కొత్తగా పంచవచ్చు. నిన్న 192.168.1.64 అయిన కెమెరా పెట్టె ఇవాళ 192.168.1.66 అయితే, చీటీ పాత గదినే చూపిస్తుంది. "అడ్రస్ రిజర్వేషన్" అనే చోట పెట్టెకు ఒక నంబరు ఖాయం చేయిస్తే ఈ బాధ తీరుతుంది. కొందరి ఇంట్లో ఫైబర్ కంపెనీ ఇచ్చిన డబ్బా ఒకటి, కొనుక్కున్న రౌటరు ఇంకొకటి ఉంటాయి. అంటే రెండు తలుపులు. చీటీ లోపలి తలుపుకే కడితే ఏం లాభం?

డి.వి.ఆర్. కాకుండా కంప్యూటరులోనే రికార్డు చేసేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. విండోస్‌లో ఫైర్‌వాల్ అనే కాపలావాడు ఉంటాడు. రౌటరు పంపినా వాడు ఆపేస్తాడు. వాణ్ణి పూర్తిగా తీసేయకండి. ఆ ఒక్క ప్రోగ్రాముకు మాత్రం అనుమతి ఇవ్వండి.

అయితే మన శిరివెళ్ల సోదరి సమస్య వీటిలో ఏదీ కాదనిపిస్తోంది. ఆవిడ తెలివిగా రౌటరు స్టేటస్ పేజీలోని అంకెలన్నీ కూతురి చేత కాగితం మీద రాయించి పంపారు. అందులో "వాన్ ఐ.పి." అన్నచోట 100.72తో మొదలయ్యే అంకె ఉంది. జవాబు అక్కడే ఉంది.

ఇంటర్నెట్‌లో పాత పద్ధతి చిరునామాలు మొత్తం కలిపి సుమారు 430 కోట్లు. ప్రపంచ నిల్వ 2011 ఫిబ్రవరిలో పంపకమైపోయింది. ఆ ఏప్రిల్ నుంచి మన ఆసియా ప్రాంతానికి మిగిలినవి రేషన్ బియ్యంలా కొలిచి ఇవ్వడమే. మన రాష్ట్రంలో చూస్తే 2017 డిసెంబరులో ఫైబర్ గ్రిడ్ తొలిదశ ప్రారంభమై, కరెంటు స్తంభాల మీదుగా తీగ పల్లెల్లోకి వచ్చింది. తక్కిన కంపెనీలూ వచ్చాయి. కనెక్షన్లు పెరిగాయి గానీ చిరునామాలు పెరగలేదు. అంచేత చాలా కంపెనీలు ఒకే బయటి చిరునామాను ఎన్నో ఇళ్ళకు కలిపి ఇస్తున్నాయి. అలాంటి ఏర్పాటుకని 2012లో 100.64 నుంచి 100.127 దాకా అంకెలు విడిగా కేటాయించారు. మీ 100.72 ఆ మధ్యలోదే. అంటే మీ వీధి తలుపు అసలు మీ చేతిలో లేదు, కంపెనీ చేతిలో ఉంది. మీ ఇంట్లో ఎన్ని చీటీలు కట్టినా, ఎంత ఖరీదు రౌటరు కొన్నా హైదరాబాదు నుంచి వచ్చేవాడు అక్కడే ఆగిపోతాడు. ఆ అంకె 10తోనో, 192.168తోనో మొదలైనా దాదాపు ఇదే కథ. తక్కినవాళ్ళు కూడా స్టేటస్ పేజీలోని అంకెనూ, "నా ఐ.పి. ఎంత" అని గూగుల్‌లో వెతికితే వచ్చే అంకెనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకటైతేనే ఫార్వర్డింగ్ పని చేస్తుంది. సిమ్ వేసి వాడే డబ్బాల్లో ఇవి సాధారణంగా వేరువేరుగానే ఉంటాయి.

మరి దారేది? కంపెనీని "స్టాటిక్ ఐ.పి." అడగవచ్చు. అందరూ ఇవ్వరు, ఇచ్చినా విడిగా డబ్బు కట్టాలి. నన్నడిగితే మీకు అదీ అక్కర్లేదు. డి.వి.ఆర్. మెనూలో "పి2పి" లేక "క్లౌడ్" అని ఉంటుంది. దాన్ని ఆన్ చేసి, పక్కన "ఆన్‌లైన్" అని వచ్చాక, తెర మీది గళ్ళ కోడ్‌ను ఆ కంపెనీ యాప్‌తో స్కాన్ చేయండి. అప్పుడు పెట్టే తనంతట తాను బయటికి పోయి కంపెనీ సర్వరుతో లైను కలుపుకుంటుంది. మీ అబ్బాయి ఫోనూ అక్కడికే వెళ్తుంది. లోపలివాళ్ళు బయటికి పోవడానికి అడ్డు లేదని చెప్పుకున్నాంగా! కాకపోతే వేరేవాళ్ళ సర్వరు మధ్యలో ఉంటుంది కాబట్టి ఊరూ పేరూ లేని చౌక పెట్టెతో ఈ పని చేయవద్దు.

ఆ అబ్బాయి కట్టిన పాత చీటీలు మాత్రం తీయించేయండి. "డి.ఎం.జెడ్." ఆన్ చేసి ఉంటే అది కూడా. ఇవాళ కంపెనీ తలుపు మూసుంది కాబట్టి సరే. రేపు కనెక్షన్ మారితే మీ డి.వి.ఆర్. తిన్నగా వీధిలో కూర్చున్నట్టే. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాము ఇలా వీధిలో ఉన్న కెమెరాలు, రికార్డింగు పెట్టెలు, రౌటర్లను వెతికి, "అడ్మిన్", "12345" లాంటి పాస్‌వర్డులతో లక్షల్లో పట్టుకుంది. ఆ అక్టోబరు 21న వాటి చేత అమెరికాలో ఒక పెద్ద ఇంటర్నెట్ సంస్థ మీద దాడి చేయిస్తే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ కొన్ని గంటలపాటు చాలామందికి తెరుచుకోలేదు. వాటి యజమానులకు ఆ సంగతి తెలిసి ఉండదు, బొమ్మ మామూలుగానే వచ్చి ఉంటుంది. మీ పెట్టె పాస్‌వర్డు ఆ అబ్బాయి పెట్టిందేనా? అయితే ఈరోజే మార్చి, కొత్తది మీరూ మీ అబ్బాయీ మాత్రమే ఉంచుకోండి.

ఉత్తరం చివర, నాలుగో కెమెరా అత్తమ్మ మంచానికి ఎదురుగా ఉందనీ, ఆవిడ పగలు దాని మీద తువ్వాలు కప్పేస్తున్నారనీ రాశారు. అది యంత్రం లోపం కాదు కదా! దాన్ని వసారా వైపు తిప్పి, మంచం దగ్గర్నుంచి పెరట్లోకి పోయే దారి కనబడేలా పెట్టండి. ఆవిడ కర్ర పట్టుకుని అటూ ఇటూ తిరగడం కనిపిస్తే మనవడికి చాలు. మంచం పక్కన మాత్రం పెద్ద బటన్ల ఫోను ఒకటి ఉంచండి.